చైనీస్ అక్షరాలను గీత గీతగా రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాండరిన్ మాట్లాడడం కొంత వచ్చి, ఇక రాత మొదలుపెడదామనుకునే తెలుగువారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. ఇందులో చైనీస్ అక్షరాలను అచ్చువేసి చూపలేదు, ప్రతి అక్షరాన్నీ మాటల్లోనే వర్ణించాను. ఇది కావాలని చేసిన పనే. బొమ్మ ఎదురుగా ఉంటే కన్ను తృప్తిపడి ఊరుకుంటుంది, చెయ్యి కదలదు. కాబట్టి ఒక పెన్సిలు, గళ్ళ కాగితం దగ్గర పెట్టుకొని, చెప్పినది చెప్పినట్టు గీస్తూ చదవవలసిందిగా మనవి.

దేనిని ఒక గీతగా లెక్కపెట్టాలి?

కలం కాగితాన్ని తాకినప్పటి నుంచి పైకి లేచేదాకా పడిన జాడ అంతా ఒక్క గీత. మధ్యలో ఎన్ని మలుపులు తిరిగినా, చివర కొక్కెంలా వంగినా, కలం లేవనంతవరకు అది ఒకటే. చైనీస్‌లో గీతను బీహువా అనీ, గీతలు రాసే వరుసను బీషున్ అనీ అంటారు.

నోరు అనే అర్థమున్న ఖౌ అక్షరం చూడడానికి చిన్న చతురస్రం. కొత్తవారిని రాయమంటే నాలుగు భుజాలకు నాలుగు గీతలు గీసేవారు కొందరు, సున్న చుట్టినట్టు ఒక్క ఊపులో చుట్టేసేవారు మరికొందరు. నిజానికి దానికి మూడు గీతలు. ఎడమ భుజాన్ని పైనుంచి కిందికి దించితే మొదటిది. అది మొదలైన చోటికే మళ్ళీ వచ్చి, పై భుజాన్ని కుడికి లాగి, మూల దగ్గర కలం ఎత్తకుండానే కిందికి దించితే రెండోది. అడుగు భుజాన్ని ఎడమనుంచి కుడికి గీసి మూసేస్తే మూడోది. ఈ చతురస్రం లెక్కలేనన్ని ఇతర అక్షరాల్లో భాగంగా వస్తుంది కాబట్టి, ఈ మూడు గీతలు చేతికి పట్టుబడడం చిన్న విషయం కాదు. ఈ రాత మొత్తంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్న, కలం ఎక్కడ ఎత్తాలన్నదే.

మొత్తం ఎన్ని రకాల గీతలు ఉన్నాయి?

చైనా బడుల్లో, నిఘంటువుల్లో వాడే వర్గీకరణ ప్రకారం ఐదు: అడ్డగీత (హెంగ్), నిలువుగీత (షు), ఎడమకు వాలుగా జారే గీత (ప్యే), చుక్క (దియెన్), మలుపు గీత (జ). కుడికి వాలుతూ చివర పాదంలా సాగే నా అనే గీతను చుక్కతో కలిపి లెక్కిస్తారు. కిందినుంచి కుడిపైకి ఎగిసే తీ గీత అడ్డగీత కిందికి వస్తుంది. మలిచి రాసే గీతలన్నీ, ఒక మలుపున్నా మూడు మలుపులున్నా, ఐదో వర్గంలోకే పోతాయి.

ఈ ఐదో వర్గమే కొత్తవారిని తికమకపెడుతుంది. ‘నాయ్’ అనే ఒక అక్షరానికి మొత్తం రెండే గీతలు. వాటిలో ఒకటి కుడికి వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ కుడికి మళ్ళి, మళ్ళీ కిందికి దిగి, చివర కొక్కెంతో ముగుస్తుంది. మెట్లు దిగినట్టుండే ఆ ప్రయాణమంతా ఒకే గీత అంటే మొదట నమ్మబుద్ధి కాదు.

వరుసకు సూత్రాలు ఉన్నాయా, ప్రతి అక్షరాన్నీ విడిగా బట్టీ పట్టాలా?

సూత్రాలు ఉన్నాయి, అవి కొన్నే, చాలా అక్షరాలకు అవే సరిపోతాయి. అయితే సూత్రాన్ని బట్టీ పట్టడం కన్నా, ఒక్కొక్క సూత్రానికి ఒక్కొక్క అక్షరాన్ని గుర్తుపెట్టుకోవడం మేలు.

పది అంకెకు వాడే షి అక్షరం మన కూడిక గుర్తులా ఉంటుంది. ముందు అడ్డం, తరువాత నిలువు. మనిషి అనే అర్థమున్న రెన్ రెండు కాళ్ళు చాపి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. ముందు ఎడమకు జారే గీత, తరువాత కుడికి వాలే గీత. మూడు అంకె (సాన్) మూడు అడ్డగీతలు. వాటిని పైనుంచి కిందికి గీయాలి, నడిమిది పొట్టి, అడుగుది అన్నిటికన్నా పొడవు. మూడూ సమానంగా గీస్తే చదవడానికి ఇబ్బంది లేదు గాని, రాసినవారు కొత్తవారని చూసీచూడగానే తెలిసిపోతుంది. చిన్నది అనే అర్థమున్న ష్యావ్‌లో మధ్య నిలువుగీత ముందు, ఆ పైన ఎడమ పక్క గీత, తరువాత కుడి చుక్క.

చుట్టూ గోడ ఉన్న అక్షరాలది వేరే కథ. దేశం అనే అర్థమున్న గ్వో అక్షరం సరళ లిపిలో (చైనా ప్రభుత్వం గీతలు తగ్గించి రూపొందించిన లిపిలో) ఎనిమిది గీతలు. ముందు ఎడమ గోడ, తరువాత పైకప్పును కుడి గోడను కలిపి ఒకే మలుపు గీత, ఆ తరువాత లోపల ఉండే ఐదు గీతల భాగం, అన్నీ అయ్యాక అడుగున మూసే గీత. చైనా పిల్లలకు దీన్ని ‘ముందు ఇంట్లోకి వెళ్ళు, తరువాత తలుపు వెయ్యి’ అని నేర్పుతారు. తలుపు ముందే వేసేస్తే లోపలి మనిషి ఇరుక్కుపోతాడు. లోపలి భాగం పట్టక ఒకదానిమీద ఒకటి పడిన గీతలు కొత్తవారి పుస్తకాల్లో కనిపిస్తే, తలుపు ముందే వేశారని అనుమానించవచ్చు.

సూత్రానికి లొంగని చోట్లు కూడా ఉన్నాయి. ‘ఇది’ అనే అర్థమున్న జ అక్షరంలో ఎడమనుంచి అడుగుకు పడవలా సాగే భాగం ఉంది. ఎడమన ఉంది కదా అని దాన్ని ముందు రాయకూడదు. పడవలోని సరుకు ముందు, పడవ చివర. కానీ ‘లేవడం’ అనే అర్థమున్న ఛీ అక్షరంలో అడుగుకు సాగే భాగం విడిగా నిలబడగల పూర్తి అక్షరం కాబట్టి దాన్ని ముందే రాస్తారు. నిప్పు (హువో) అక్షరంలో రెండు పక్కల గీతలు ముందు, మధ్యనున్న మనిషి ఆకారం తరువాత. చిన్నది అనే అక్షరానికి ఇది పూర్తిగా తిరగేసిన వరుస. వీటిని వాదించి లాభం లేదు, అలవాటు చేసుకోవడమే.

వరుస తప్పినా అక్షరం అలాగే కనిపిస్తుంది కదా, నష్టం ఏమిటి?

నిదానంగా రాసేటప్పుడు కనిపించే నష్టం తక్కువే. వేగం పెరిగేకొద్దీ అది బయటపడుతుంది. చేతిరాతలో కలం పూర్తిగా పైకి లేవదు. ఒక గీత చివరనుంచి మరో గీత మొదటికి సన్నని జాడ పడుతుంది. వరుస సరైనదైతే ఆ జాడలు అందరికీ తెలిసిన చోట పడి అక్షరం చదవగలిగేలా ఉంటుంది, తప్పుదైతే లేని గీతలు పుట్టుకొస్తాయి. ఇతరుల చేతిరాత చదవడానికీ ఇదే వరుస ఆధారం.

ఇంకొక సంగతి, చైనాలో గీతలు రాతకే కాక వరుస పేర్చడానికి కూడా పనికివస్తాయి. మనం పేర్ల జాబితాను అకారాది క్రమంలో పేర్చినట్టు, అక్కడ అధికారిక జాబితాలను ఇంటిపేరులోని గీతల సంఖ్యను బట్టి పేర్చడం పరిపాటి. సంఖ్య సమానమైతే మొదటి గీత ఏ వర్గానిదో చూస్తారు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశాలు నడిచింది ఈ వరుసలోనే. ఆనవాయితీ ప్రకారం గ్రీస్ ముందు నడవగా, దాని వెనుకే గినియా వచ్చింది, ఎందుకంటే చైనీస్‌లో దాని పేరులోని తొలి అక్షరానికి రెండే గీతలు. ఇంగ్లీషు వరుసలో ముందుండే ఆస్ట్రేలియా తొలి అక్షరానికి పదిహేను గీతలు కావడంతో దాదాపు చివరికి పోయింది. మన దేశం పేరైన యిన్‌దులో తొలి అక్షరానికి ఐదు గీతలు.

ఇవన్నీ పక్కన పెట్టినా, నా దృష్టిలో అసలు లాభం జ్ఞాపకం. పది గీతల అక్షరాన్ని బొమ్మగా గుర్తుపెట్టుకోవడం కష్టం. ఒకే వరుసలో పదిసార్లు రాస్తే, తరువాత మనసుకు గుర్తులేకపోయినా చేతికి గుర్తుంటుంది. రోజుకో వరుసలో రాసే చెయ్యి దేన్నీ గుర్తుపెట్టుకోదు.

అన్ని దేశాల్లోనూ వరుస ఒకటేనా?

కాదు. చైనా, తైవాన్, జపాన్ మూడూ తమ తమ ప్రమాణాలను ప్రకటించుకున్నాయి. జపాన్ విద్యాశాఖ 1958లో, తైవాన్ విద్యాశాఖ 1996లో, చైనా 1997లో వీటిని వెలువరించాయి. చైనా 2020లో తన ప్రమాణాన్ని సవరించగా అది 2021 మార్చి నుంచి అమలులోకి వచ్చింది.

తేడాలు ఎంత సూక్ష్మంగా ఉంటాయో చూడాలంటే కుడి, ఎడమ అనే అర్థాలున్న రెండు అక్షరాలు చాలు. రెండింటిలోనూ పైన ఒక అడ్డగీత, దాన్ని దాటుతూ ఎడమకు జారే గీత ఉంటాయి. చైనాలో రెండింటికీ అడ్డగీతతోనే మొదలుపెడతారు. జపాన్‌లో ‘ఎడమ’కు అడ్డగీతతో, ‘కుడి’కి జారే గీతతో మొదలుపెడతారు. రాజు అనే అక్షరం (మూడు అడ్డగీతలు, మధ్యలో నిలువు) చైనాలో అడ్డం, అడ్డం, నిలువు, అడ్డం. జపాన్‌లో అడ్డం, నిలువు, అడ్డం, అడ్డం. ముందు జపనీస్ నేర్చుకొని తరువాత చైనీస్‌కు వచ్చినవారు తమకు నేర్పినది తప్పని కంగారు పడనవసరం లేదు. మీ పాఠ్యపుస్తకం ఏ దేశానిదైతే ఆ దేశపు వరుసనే పట్టుకోండి, రెండింటినీ కలపవద్దు.

సరళ లిపితో మొదలుపెట్టాలా, సంప్రదాయ లిపితోనా?

ఎవరితో ఉత్తరప్రత్యుత్తరాలు జరపబోతున్నారో దాన్ని బట్టి. చైనా ప్రధాన భూభాగంలోనూ సింగపూర్‌లోనూ సరళ లిపి, తైవాన్, హాంకాంగ్, మకావులలో సంప్రదాయ లిపి నడుస్తాయి. 1956లో చైనా ప్రభుత్వం మొదలుపెట్టిన సరళీకరణ వల్ల డ్రాగన్ అనే అక్షరం పదహారు గీతల నుంచి ఐదుకు, ఎగరడం అనే అక్షరం తొమ్మిది నుంచి మూడుకు తగ్గాయి. గీతలు తగ్గినంత మాత్రాన సులువవుతుందనుకోవద్దు. గీతలు తక్కువైన కొద్దీ ఒక్కొక్క గీత వంకర బాగా కనిపిస్తుంది.

తెలుగు రాసే చేతికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బందులు ఏమిటి?

ఉన్నాయి, వాటి మూలం మన లిపి చరిత్రలోనే ఉంది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు తిన్నని అడ్డగీతలు గీస్తే ఆకు ఈనెల వెంబడి చీలిపోతుంది. అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయని లిపి చరిత్ర రాసినవారు చెబుతారు. చైనీస్ రాత మాత్రం కుంచెతో రూపుదిద్దుకుంది. కుంచె నొక్కుతుంది, లేస్తుంది, మూల దగ్గర ఆగి తిరుగుతుంది. కాబట్టి తెలుగువారి చేతిలో చైనీస్ మూలలు వాటంతటవే గుండ్రమవుతాయి. ఖౌ అక్షరం సున్నకు దగ్గరపడుతుంది. దీనికి విరుగుడు ఒకటే: మలుపు దగ్గర కలం ఎత్తకుండా ఒక్క క్షణం ఆగి, దిశ మార్చి, మళ్ళీ కదలాలి. ఆ ఆగడం చేతికి అలవడితే మూల దానంతటదే వస్తుంది.

రెండో ఇబ్బంది చోటుకు సంబంధించినది. మన అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వెడల్పు. ఒత్తు వస్తే కిందికి వేలాడుతుంది, గుడి వస్తే పైకి ఎక్కుతుంది, వరుసకు వరుసకు మధ్య ఖాళీ వదులుకుంటాం. చైనీస్‌లో ఒక్క గీత ఉన్న ‘ఒకటి’కీ, ఇరవై గీతలున్న అక్షరానికీ చోటు ఒకే గడి. భాగాలు పెరిగితే గడి పెరగదు, భాగాలే ఒదిగి సర్దుకోవాలి. బస్సులో ముగ్గురి సీటులో నలుగురు కూర్చున్నట్టు అన్నమాట.

ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందో చెట్టు (ము) అక్షరంలో దగ్గరగా చూడవచ్చు. విడిగా ఉన్నప్పుడు దానికి అడ్డం, నిలువు, ఎడమకు జారే కొమ్మ, కుడికి పాదం చాపే కొమ్మ. అదే చెట్టు రెండుసార్లు పక్కపక్కన నిలబడితే అడవి (లిన్). అప్పుడు ఎడమ చెట్టు సన్నబడి, కుడికొమ్మ చాపడానికి చోటులేక చిన్న చుక్కగా ముడుచుకుంటుంది. మట్టి (తు) ఎడమ భాగమైతే దాని అడుగు అడ్డగీత కుడిపైకి ఎగిసి, తరువాతి భాగానికి దారి చూపుతుంది.

చైనాలో పిల్లలు ఎలా నేర్చుకుంటారు?

మనం ఓనమాలు దిద్దినట్టే. లేత ఎరుపు రంగులో అచ్చయిన అక్షరాలమీద నల్లసిరాతో దిద్దడాన్ని అక్కడ మ్యావ్‌హోంగ్ అంటారు. అర్థం ‘ఎరుపును దిద్దడం’ అనే. పూర్వకాలంలో ఇందుకోసం ‘షాంగ్ దా రెన్’ అని మొదలయ్యే చిన్న పాఠం ఉండేది. తక్కువ గీతలున్న అక్షరాలు ఏరి కూర్చినందువల్ల చిన్నచేతులకు అది సులువుగా ఉండేది.

దిద్దడం అయ్యాక గళ్ళ కాగితం. ఒక్కొక్క గడిని మధ్యలో నిలువుగా అడ్డంగా చుక్కల గీతలతో నాలుగు భాగాలు చేస్తే అది పొలం ఆకారపు గడి (త్యెన్ జ గ). మూలనుంచి మూలకు మరో రెండు గీతలు కలిపితే బియ్యం ఆకారపు గడి (మీ జ గ). ఈ పేర్లు పొలం, బియ్యం అనే అక్షరాల ఆకారాలనుంచి వచ్చాయి. మొదటి ఆరు నెలలు పొలం గడే చాలు.

ఒక్కొక్క అక్షరాన్ని ఎన్నిసార్లు రాయాలి?

ఇందులో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు: పేజీ నింపడం దండగ. పదో అక్షరం తరువాత మనసు వేరే చోటికి పోతుంది, చెయ్యి పై వరుసలో తాను రాసిన తప్పునే కాపీ చేస్తుంది. నేను నేర్చుకున్న తొలి నెలలో ‘నేను’ అనే అర్థమున్న వో అక్షరాన్ని ఒక పూటంతా కూర్చొని మూడు పేజీలు రాశాను. మూడు పేజీలలోనూ కుడిపై చుక్క లేదు.

ఆ అక్షరాన్నే చూద్దాం. దానికి ఏడు గీతలు. ఎడమ పైభాగాన పొట్టిగా ఎడమకు జారే గీత, అక్షరం మధ్యగా పొడవైన అడ్డగీత, మొదటి రెండింటినీ కలుపుతూ దిగి కొక్కెంతో ఆగే నిలువు, దాన్ని దాటుతూ కుడిపైకి ఎగిసే గీత. ఇక్కడితో ఎడమ సగం అయిపోతుంది. కుడివైపు అడ్డగీతను దాటుతూ ఏటవాలుగా దిగి చివర పైకి కొక్కెం తిరిగే పొడుగు గీత, దాన్ని కోస్తూ ఎడమకు జారే గీత, చివరగా కుడిపైన చుక్క. ఇప్పుడు మొదటి పొట్టి గీతను తీసేసి, పొడవైన అడ్డగీతను మధ్యలో తెంచి రెండు చేయండి. అది ‘వెతకడం’ అనే అర్థమున్న జావ్ అవుతుంది. దానికీ ఏడే గీతలు. కళ్ళతో నేర్చుకున్నవారు ఈ రెండింటినీ ఏళ్ళతరబడి తారుమారు చేస్తూనే ఉంటారు, వరుస తెలిసిన చేతికి మొదటి గీత దగ్గరే తేడా తెలుస్తుంది.

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకోండి. ముందు అక్షరాన్ని చూసి, వేలితో గాలిలో రాస్తూ గీతల పేర్లు పైకి చెప్పండి. చైనా తరగతి గదుల్లో పిల్లలంతా చేతులెత్తి ఇలాగే చేస్తారు. తరువాత మూడుసార్లు చూచిరాత రాయండి. ఆపైన పుస్తకం మూసి రెండుసార్లు రాయండి. మర్నాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి చూడకుండా రాయండి. రోజుకు ఐదు కొత్త అక్షరాలు మించవద్దు.

దాదాపు ఒకేలా ఉండే అక్షరాలను ఎలా వేరుచేయాలి?

గీతల పొడవు చూడాలి. మట్టి (తు), పండితుడు (షి) రెండింటికీ పైనొక అడ్డం, కిందొక అడ్డం, మధ్య నిలువు. మట్టికి కింది గీత పొడవు, పండితుడికి పై గీత పొడవు. ‘ఇంకా కాలేదు’ (వెయ్), ‘చివర’ (మో) అనేవి కూడా పొడవు తేడాతోనే విడిపోతాయి. మొదటిదానిలో పై అడ్డగీత పొట్టి, రెండోదానిలో పై అడ్డగీత పొడవు. స్వయం (జీ), అప్పటికే (యీ) అనే రెండింటికీ మూడేసి గీతలు, తేడా అంతా మూడో గీత ఎక్కడ మొదలవుతుందన్నదే. స్వయంలో ఎడమ పక్క తెరిచే ఉంటుంది, అప్పటికేలో సగం మూసుకుంటుంది.

ఫోన్‌లో టైపు చేస్తే సరిపోతుంది కదా, చేతితో ఎందుకు?

ఈ ప్రశ్న చైనావారే తమను తాము అడుగుకుంటున్నారు. ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో కొడితే ఫోన్ అక్షరాన్ని చూపిస్తుంది కాబట్టి, చదువుకున్నవారు కూడా కలం పట్టగానే అక్షరం మరిచిపోతుంటారు. దానికి ‘తీ బీ వాంగ్ జ’ అని పేరే ఉంది, ‘కలమెత్తి అక్షరం మరవడం’ అని. 2021లో వచ్చిన విదేశీయుల చైనీస్ ప్రమాణం కూడా చదవడాన్నీ రాయడాన్నీ వేరుచేసింది. చదవగలగవలసినవి 3,000 అక్షరాలైతే, చేతితో రాయగలగవలసినవి 1,200. అందులో ప్రాథమిక స్థాయికి 300, మధ్యస్థాయికి 400, ఉన్నత స్థాయికి 500.

ఆ 300 ఎవరైనా సాధించవలసినవేనని నా సలహా. వైద్యవిద్యకు చైనా వెళ్ళే మన విద్యార్థులకైతే మరీను, వారు చూడబోయే చీటీలు అచ్చు అక్షరాల్లోనే ఉంటాయన్న హామీ లేదు. తెలియని అక్షరం బోర్డుమీద కనిపించినప్పుడు దాని ఉచ్చారణ తెలియదు కాబట్టి రోమన్‌లో కొట్టలేరు. ఫోన్ తెరమీద వేలితో రాయాలి, లేదా ఐదు వర్గాల గీతలకు ఐదు మీటలున్న కీబోర్డులో వరుసగా నొక్కాలి. ఆ కీబోర్డు దగ్గర వరుస తప్పితే అక్షరం దొరకదు.

కుంచెతో నేర్చుకోవాలా?

మొదట పెన్సిలు చాలు. రెండు, మూడు వందల అక్షరాలు వచ్చాక కుంచె పడితే, గీత మొదట్లో నొక్కడం, చివర లాగడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. కుంచె సాధనకు సంప్రదాయంగా యోంగ్ అనే అక్షరాన్ని ఎంచుకుంటారు. ‘శాశ్వతం’ అని దాని అర్థం. ఐదే గీతలున్నా, చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం మొదలుకొని ఎనిమిది రకాల కదలికలు అందులో ఇమిడి ఉన్నాయి. క్రీ.శ. 353లో వాంగ్ షీజి అనే మహా లేఖకుడు ఒక కవితల సంకలనానికి రాసిన ప్రసిద్ధ పీఠిక మొదలయ్యేది ఈ అక్షరంతోనే.

ఎడమచేతి వాటం ఉన్నవారి సంగతి?

వరుస మార్చవద్దు, గీతల దిశను తిరగేయవద్దు. అడ్డగీతను కుడిచేతివారు లాగుతారు, మీరు తోస్తారు, అంతే తేడా. కాగితాన్ని కొద్దిగా కుడివైపుకు వాల్చి, సిరా త్వరగా ఆరే కలం వాడండి.

నా వరుస సరిగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ముందు గీతలు లెక్కపెట్టి, నిఘంటువులో ఉన్న సంఖ్యతో పోల్చండి. సంఖ్య కుదరకపోతే ఎక్కడో కలం ఎత్తవలసిన చోట ఎత్తలేదు, లేదా ఎత్తకూడని చోట ఎత్తారు. సంఖ్య కుదిరిన తరువాతే వరుస సంగతి.

సరదాగా ఒక పరీక్ష. ఉబ్బెత్తు అనే అర్థమున్న తు అక్షరం, వెడల్పాటి అరుగుమీద చిన్న దిమ్మె పెట్టినట్టు, బయటి అంచు మాత్రమే గీసిన బొమ్మ. పల్లం అనే అర్థమున్న ఆవ్ దానికి తిరగబడిన రూపం, అరుగు మధ్యలో గుంట తవ్వినట్టుంటుంది. ఒక్కొక్కదానికి ఎనిమిది మూలలున్నాయి కాబట్టి ఎనిమిది గీతలుంటాయని చాలామంది అంటారు. చైనా ప్రమాణం ప్రకారం రెండింటికీ ఐదేసి గీతలే. ఉబ్బెత్తులో ఎడమవైపు నిలువు, అడ్డం, నిలువు విడివిడిగా గీసి, పైకప్పు నుంచి కుడివైపు మెట్టంతా మూడు మలుపులతో ఒక్క గీతలో దింపి, చివరగా అడుగు మూయాలి. పల్లాన్ని మీరే ప్రయత్నించండి: ఎడమ గోడతో మొదలుపెట్టి, అడుగు గీతతో ముగించి, ఐదుకు మించకూడదు.